నలభైరెండో బస్తా

"చదవండి సార్. మీరు రాసిందే గదా, నాకంటే మీకే బాగా నోరు తిరుగుతుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కృపాదానం.

ప్రైవేటు డిటెక్టివ్ హజరత్తయ్య కాయితం అందుకున్నాడు. గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు. సోమవారం సాయంత్రం ఇదే ట్రావెలర్స్ బంగళా వసారాలో, ఇదే బల్ల మీద తను రాసింది. రాశాక మురిపెంగా రెండుసార్లు చదువుకున్నాడు కూడా. ఇవాళ గురువారం. పగలు పదకొండు గంటలు. కాయితం మధ్యలో ఒక వాక్యం కింద ఎర్ర పెన్సిలు గీత ఉంది.

'పడవలో ఎక్కించిన ఉప్పు బస్తాలు అప్రాక్సిమేట్లీ ఫార్టీటూ.'

"ఆ ఒక్క ముక్క చాలు," అన్నాడు కృపాదానం. "ఎక్కినవి నలభైరెండని పడవవాడే చెప్పినాడు. లాకు దగ్గర మావాళ్ళు దించి లెక్కపెడితే నలభైఒకటి. తక్కువైన బస్తా ఎక్కడుంది? శవం నడుముకి కట్టుంది. మూడు గంటలకి వ్యాను వస్తుంది. చిన్నపోలయ్యని నెల్లూరు పంపించేస్తున్నా. ఈ కేసులో మీ సాయానికి థాంక్స్."

థాంక్స్ అన్న మాటని ఆయన కావాలనే నమిలి నమిలి అన్నాడు. రెండేళ్ళ కిందట కావలిలో ఒక దొంగతనం కేసులో కృపాదానం పట్టుకున్న మనిషిని హజరత్తయ్య నిర్దోషిగా తేల్చి బయటికి తెచ్చాడు. ఆ అసలుకి వడ్డీ ఇవాళ చేరుతోంది.

సంగతి ఇది. కాలవ గట్టు మీద, ఈ బంగళాకి రెండు మైళ్ళ దక్షిణాన, ఉప్పు రాశులు పోసి పడవలకెక్కించే కొటారు ఉంది. సోమవారం మధ్యాహ్నం సరిగ్గా పన్నెండు గంటలకి కొటారు రేవులో కాపలాదారు మాలకొండయ్య శవం తేలింది. తల వెనక దెబ్బ. నడుముకి కొబ్బరితాడు, తాడు చివర ఖాళీ గోనె. ప్రాణం పోయింది ఉదయం ఐదుకీ ఎనిమిదికీ మధ్య అన్నాడు డాక్టరు. ఆ ఉదయం ఆరింటికి రేవు నుంచి బయల్దేరిన ఉప్పు పడవ ఒకటే, చిన్నపోలయ్యది. ముందురోజు కాపలాదారుకీ అతనికీ మాటామాటా వచ్చిందని నలుగురూ చెప్పారు. పడవ లాకు తలుపు కోసం ఆగి ఉండగా పోలీసులు పట్టుకున్నారు.

హజరత్తయ్య ఆరోజు కొటారు యజమాని పంపగా నెల్లూరు నుంచి వచ్చి ఉన్నాడు. ఉప్పు తరుగు మరీ ఎక్కువ చూపిస్తున్నారు, ఏమిటో తేల్చమని యజమాని కోరిక. కొత్త డిఎస్పీ ఉత్తరాది మనిషి, తెలుగు రాదు, పడవవాడి వాంగ్మూలం ఇంగ్లీషులో పంపాలి. ఇన్‌స్పెక్టరు రైటరు జ్వరంతో పడుకున్నాడు. "మీ ఇంగ్లీషు గొప్పదంటారు గదా సార్," అని కృపాదానం అడగడమే తరువాయి, హజరత్తయ్య కలం మూత తీశాడు.

ఎవరూ బలవంతపెట్టలేదు. తీసింది తనే.

వసారా మెట్ల మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. చిన్నపోలయ్య భార్య పేరమ్మ. పొద్దున్నుంచీ ఆమె అక్కడే ఉంది. హజరత్తయ్య దిగబోతుంటే లేచి నిలబడింది. దణ్ణం పెట్టలేదు.

"మీరేనంట గదయ్యా రాసింది?"

"నేనే."

"మా ఇంటాయనకి అచ్చరమ్ముక్క రాదు. పడవ మీద ఎన్ని బస్తాలుండాయో ఈ ఇరవై ఏళ్ళలో ఒక్కనాడు లెక్కపెట్టి ఎరగడు. లెక్కపెట్టనోడు నలభైరెండని ఎట్టా చెప్పినాడు?"

కేసుల్లో హజరత్తయ్య ఎన్నో ప్రశ్నలు అడిగినవాడు. ఇంత తిన్నటి ప్రశ్న ఆయనకీ తట్టలేదు. సోమవారమే తట్టి ఉండాల్సింది.

"కనుక్కుంటానమ్మా," అని వెనక గదివైపు నడిచాడు.

వెనక గదిలో చిన్నపోలయ్య గోడకి చేరగిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. చేతులకి బేడీలు. హజరత్తయ్యని చూసి కాళ్ళు ముడుచుకున్నాడు.

"సోమవారం నిన్ను బస్తాలు ఎన్ని అని అడిగినప్పుడు నువ్వు ఏమన్నావో, ఒక్క మాట తగ్గకుండా, పెరగకుండా చెప్పు."

"ఒక నలభై ఉంటాయిలే సామీ అన్నా."

"నలభై అని నీకు ఎట్లా తెలుసు?"

"తెలీదు. మాకు బస్తాల లెక్క దేనికి? పడవ పక్కన మూడో పలక మునిగిందంటే బరువు చాలు, ఇంక ఎక్కించబాకండి అంటాం. నాలుగోది తడిసిందంటే కూలోళ్ళని తిడతాం. మూడో పలక మునిగితే రమారమి నలభై. ఉప్పు పచ్చిదైతే ముప్పై అయిదుకే మునుగుతుంది."

"మరి నలభైరెండు?"

చిన్నపోలయ్య ఆయన్ని వింతగా చూశాడు. "మీ పక్కనే టీ పట్టుకోని నిలబడుండాడు గదా, కొటారు మేనేజరు ఓబులేసు. 'నలభై అంటే మరీ గుండుగుత్తగా ఉందిరా, రెండు పైన ఉండొచ్చేమో' అన్నాడు. ఉంటే ఉండొచ్చులే అన్నా. ఆయన అంత మర్యాదగా అడిగితే కాదంటానా? మీరు రాసుకున్నారు."

నిజమే. రాసుకున్నాడు.

"ఇంకో మాట సామీ," అన్నాడు చిన్నపోలయ్య, గొంతు తగ్గించి. "నేనే చంపుంటే ఉప్పు బస్తా కడతానా? నా పడవలో లంగరు రాళ్ళు రెండుండాయి. ఉప్పు నీళ్ళలో ఎంతసేపు నిలస్తది? చిన్నబిడ్డని అడిగినా చెప్తది. ఆ పోలీసాయనకి చెప్తే నవ్వినాడు. మీకు చెప్తే రాసుకోలేదు."

"రాసుకోలేదా?"

"ఆరోజే చెప్పినా. అది అక్కర్లేదులే అన్నారు."

హజరత్తయ్య గది బయటికి వచ్చి గోడ నీడలో నిలబడ్డాడు. ఆయనకి ఏదైనా జమాఖర్చుల్లా రెండు వరసల్లో వేసుకుంటే గానీ అర్థం కాదు. ఇరవై ఏళ్ళు కొలంబోకి ఎండుచేపలు ఎగుమతి చేసిన అలవాటు అది. ఆ వ్యాపారంలో సరుకు ఓడలో ఉండగానే ఇంకా ఎండి బరువు తగ్గుతుంది. అందుకని ఉత్తరంలో ఏ మాట వాడాలో తెలిసినవాడే బతుకుతాడు. కళ్ళతో చూసి వేసిన అంచనాకి 'అబౌట్'. కాటా వేసి, తరుగుకి కొంత వదిలి చెప్పేదానికి 'అప్రాక్సిమేట్లీ'. తెలిసినవాడికి కార్డు ముక్క మీద రాసేటప్పుడు 'ఫార్టీ ఆర్ సో'. ఈ తేడా ఆయన తన గుమాస్తాలకి దగ్గరుండి నేర్పాడు. ఒక కుర్రగుమాస్తా తూచని సరుకుకి అప్రాక్సిమేట్లీ అని రాస్తే అందరి ముందూ కాయితం చింపాడు కూడా.

అంత తెలిసినవాడు సోమవారం ఏం చేశాడు? మొదట కలం కింద 'అబౌట్ ఫార్టీ' అనే వచ్చింది. టీ గ్లాసు బల్ల మీద పెడుతూ ఓబులేసు వంగి చూశాడు. "మీకు నేను చెప్పేదేముంది సార్. కాకపోతే డిఎస్పీ గారి బల్ల మీదికి పోయే కాయితం. అబౌట్ అంటే అంగడి ఉత్తరంలా ఉంటుందేమో. అప్రాక్సిమేట్లీ అయితే మీ స్థాయికి తగ్గట్టు ఉంటుంది."

స్థాయి! ఎండుచేపల వాసన ఇంకా వదలలేదని వెనక అనుకునే ఊళ్ళో ఆ మాట తియ్యగా తగిలింది. కాయితం తీసేసి కొత్తది అందుకున్నాడు. అబౌట్ ఫార్టీ అంటే చదివినవాడు అంచనా అనుకుంటాడు. అప్రాక్సిమేట్లీ ఫార్టీటూ అంటే లెక్కపెట్టినవాడి మాట అనుకుంటాడు. పడవవాడి ఒంటికి తన కోటు తొడిగాడు. ఆ కోటు ఇప్పుడు ఉరితాడులా బిగుస్తోంది.

ఇది చెబితే రెండు కలిపించిన ఓబులేసు మీదికి అనుమానం మళ్ళుతుంది. కానీ చెప్పాలంటే ముందు తన సంగతి చెప్పుకోవాలి. హజరత్తయ్య మనసు వెంటనే దొడ్డిదారి వెతికింది. వేరే సాక్ష్యం దొరికితే, ఈ కాయితం ఊసు ఎత్తకుండానే మనిషిని విడిపించవచ్చు.

ఒక కానిస్టేబుల్ సైకిలు అడిగి తీసుకుని కొటారు దారి పట్టాడు.

పన్నెండుంబావుకి రేవు చేరాడు. రేవు అంటే తాటిదుంగలు పరిచిన పదిహేను అడుగుల మెట్టు. పక్కన ఉప్పు రాశులు, వాటి మీద తాటాకు కప్పు. మెట్టుకి ఎడమవైపు బురదలో ఏదో బరువైనదాన్ని ఈడ్చిన చార ఇంకా ఉంది. చార ఎక్కడ మొదలైందో చూశాడు. పడవ కట్టే గుంజ దగ్గర కాదు. మేనేజరు గది వెనక వాకిలి దగ్గర. పోలీసులు నీళ్ళవైపు నుంచి చూసి వెళ్ళిపోయారు గానీ గట్టువైపు నుంచి చూడలేదు.

రాశుల నీడలో ఒక ముసలావిడ గోనెలు కుడుతోంది. పెంచలమ్మ. సోమవారం ఉదయం బస్తాలు ఎక్కేటప్పుడు మెట్టు మీద ఉన్న మనిషి.

"అవ్వా, ఆరోజు మాలకొండయ్యని ఎప్పుడు చూశావు?"

"పడవ కదిలేదాకా నా పక్కనే ఉండె. పడవ పోయినాక కూలోళ్ళు పొయినారు, నేనూ గంజి తాగను పొయినా. వాడొక్కడే ఉండె. మేనేజరేమో తన గదిలో ఉండె."

"మేనేజరు ఎప్పుడు వెళ్ళాడు?"

"ఆరున్నర బస్సుకి బిట్రగుంట పొయినాడంట. రైలు పెట్టెల పని."

"ఈ మాట పోలీసులకి చెప్పలేదా?"

"నన్నెవరడిగినారు? ముసిల్దానికేం తెలుసులే అన్నారు."

"ఆ రోజు బస్తాలు ఎన్ని ఎక్కినాయి?"

"నాకు నూరు దాకా లెక్క రాదు నాయనా. చిప్పలకి తెలుసు." ఆమె లేచి, గోడకున్న మేకుల వరస చూపించింది. ఒక్కో మేకుకి ఒక్కో తాటాకు బుట్ట. "బస్తా మెట్టు దాటితే ఒక ఆల్చిప్ప బుట్టలో వేస్తా. పడవ తిరిగొచ్చి, అవతల దించిన లెక్క చెప్పినాక బుట్ట కుమ్మరిస్తా. చిన్నపోలయ్య పడవ రానేలేదు గదా, వాడి బుట్ట అట్నే ఉండాది."

హజరత్తయ్య ఒక్క అంగలో మేకు దగ్గరికి వెళ్ళాడు. బుట్ట దించి చిప్పలు నేల మీద పదేసి వరసలుగా పేర్చాడు. నాలుగు వరసలు. ఇంకొకటి.

"నలభైఒకటి," అన్నాడు పైకి.

"అదేంది సార్, గవ్వలాట ఆడుతుండారా?"

వెనక మేనేజరు ఓబులేసు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు కలాలు. మొహాన సోమవారం నాటి మర్యాదే.

"చూడండి ఓబులేసు గారూ. పడవ ఎక్కినవి నలభైఒకటి, దిగినవి నలభైఒకటి. పడవలో ఏ బస్తా తగ్గలేదు. శవానికి కట్టిన బస్తా కొటారుది." గెలిచానన్న ఊపులో మాట ఆపుకోలేకపోయాడు.

"అవునా సార్? మంచిదే గదా పాపం." ఓబులేసు నవ్వాడు. "లోపలికి రండి, ఎండగా ఉంది."

గదిలో కుర్చీ చూపించి తను నిలబడ్డాడు. హజరత్తయ్య గోడ మీది గడియారం చూస్తూ మామూలుగా అడిగాడు.

"ఉప్పు బస్తా కాలవలో పడితే కరగడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఎవరికి తెలుసు సార్. ఒక పూట పట్టొచ్చు. రెండు పూటలైనా పట్టొచ్చు. అదేమన్నా లెక్కపెట్టి చూస్తామా?"

"మీకు తెలియదు."

"ఊరికే ఏదో ఒక అంచనా."

హజరత్తయ్య బల్ల మీది తరుగు రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు. అది చూసే హక్కు యజమాని ఆయనకి రాసిచ్చాడు. గత నెలవి నాలుగు పేజీలు తిప్పేసరికి దొరికింది. రేవులో జారిపడ్డ బస్తాల పద్దు కింద, యజమాని నమ్మడానికి, ఇంగ్లీషులో ఒక పరీక్ష ఫలితం. ఒక నిండు బస్తాని తాడు కట్టి కాలవలో దించి, పూర్తిగా కరిగేదాకా కాచుకున్నారు. పట్టిన కాలం ఐదు గంటల నలభై నిమిషాలు. అబౌట్ లేదు, అప్రాక్సిమేట్లీ లేదు. కింద ఓబులేసు సంతకం.

సరుకు తూచినవాడు తూచలేదని చెప్పాడంటే దాచేది ఏదో ఉందన్నమాట. వ్యాపారంలో ఇది ఆయన నేర్చిన మొదటి పాఠం. హజరత్తయ్య మనసులో వేళ్ళు మడిచాడు. పడవ కదిలింది ఆరింటికి. బస్సు ఆరున్నరకి. ఆరూ ఇరవైకి బస్తా నీళ్ళలో దిగితే, ఐదు గంటల నలభై నిమిషాలు కలిపితే, సరిగ్గా పన్నెండు. కొటారు పక్క కాలవ నీళ్ళు చిక్కటి ఉప్పునీళ్ళు, బరువు వదలగానే మనిషి తేలతాడు. శవం వెంటనే కనబడి ఉంటే, పడవ పోయాక కొటారులో మిగిలింది ఎవరని అడిగేవాళ్ళు. రాయి కడితే ఎప్పటికీ తేలదు, మనిషి ఏమయ్యాడని వెతుకులాట మొదలవుతుంది. ఇవేవీ కాకుండా, ఓబులేసు బిట్రగుంట రైల్వే ఆఫీసులో పదిమంది కళ్ళముందు ఉన్న వేళకి శవం తనంతట తానే పైకి రావాలి. దాని నడుముకి పడవవాడిని చూపించే గోనె ఉండాలి. కరిగిందని రాసి ఓబులేసు అమ్ముకున్న ఉప్పు సంగతి మాలకొండయ్య కనిపెట్టి ఉంటాడు.

"ఐదు గంటల నలభై నిమిషాలు," అన్నాడు హజరత్తయ్య, రిజిస్టరు ఓబులేసువైపు తిప్పి. "బాగానే లెక్కపెట్టి చూశారు."

ఓబులేసు మొహంలో నవ్వు పోలేదు. తలుపు దగ్గరకు వేశాడు.

"సార్, మనం మనం ఒకటి. ఒక ముసల్ది వేసిన చిప్పలు కోర్టులో నిలబడవు. రిజిస్టరు ఉప్పు తరుగు కోసం రాసింది, దానికీ చావుకీ సంబంధం ఏముంది? నిలబడేది మీ ఇంగ్లీషు ఒక్కటే. అది తప్పని చెప్పాల్సింది మీరే. చెప్తారా?" జేబులోని కలాలు సర్దుకున్నాడు. "చెప్పలేరు. రాసేటప్పుడు మీ మొహం చూశాను నేను."

హజరత్తయ్య లేచాడు. రిజిస్టరు చంకలో పెట్టుకుని, తలుపు తీసి బయటికి వచ్చాడు. బుట్ట కోసం చెయ్యి చాస్తే పెంచలమ్మ ఇవ్వలేదు.

"పడవ వచ్చిందాకా బుట్ట కొటారు దాటదు నాయనా. నలభై ఏళ్ళ పద్ధతి. వాడినే తీసుకోనిరా, ఇస్తా."

ఆయన పట్టుపట్టలేదు. తొందరలో ఉన్నాడు.

ఒంటిగంటన్నర దాటాక బంగళా చేరాడు. కృపాదానం అన్నం తిని తాంబూలం వేసుకుంటున్నాడు. చార సంగతి, చిప్పల సంగతి, రిజిస్టరు సంగతి హజరత్తయ్య వరసగా చెప్పాడు. కాయితం ఊసు ఎత్తలేదు.

"చిప్పలా!" కృపాదానం పెద్దగా నవ్వాడు. "డిఎస్పీ గారికి ఏమని రాయను సార్? ఆల్చిప్పలు సాక్ష్యం చెప్పినాయనా? ముద్దాయి స్వయంగా నలభైరెండన్నాడు. దాని మీద వేలిముద్ర ఉంది. రాసింది మామూలు మనిషా? ఇంగ్లీషులో మీ అంతటివాడు జిల్లాలో లేడని మీరే అంటారు."

"ఆ నలభైరెండు అతనిది కాదు."

"మరెవరిది?"

హజరత్తయ్య మెట్ల వైపు చూశాడు. పేరమ్మ అక్కడే ఉంది. గట్టు వెంట నడిచొచ్చి నలుగురైదుగురు పడవవాళ్ళు కూడా చేరారు. వ్యాను కోసం ఎదురుచూస్తున్నారు.

"లోపలికి వెళ్ళి మాట్లాడదాం."

"ఎందుకు సార్? మీరు కావలిలో నాకు చెప్పాల్సింది లోపల చెప్పినారా? బజార్లో చెప్పినారు."

అది న్యాయమే. కావలిలో హజరత్తయ్య నలుగురి మధ్యా నిలబడి, ఇన్‌స్పెక్టరుకి జమకీ ఖర్చుకీ తేడా తెలియదన్నాడు. జనం నవ్వారు. ఇవాళ ఎవరి తేడా ఎంతో తేలే పూట.

ఆయనకి ఇప్పుడు బతుకుతెరువు ఒక్కటే. యజమానులకీ కంపెనీలకీ ఇంగ్లీషులో రాసిచ్చే రిపోర్టులు. హజరత్తయ్య రాశాడంటే అది తూచి రాసిందన్న నమ్మకం. పదిహేనేళ్ళు కూడబెట్టిన ఆ పేరు ఈ వసారాలో ఖర్చయిపోతే, మళ్ళీ కూడబెట్టే వయసు లేదు. అటువైపు ఒక మనిషి ప్రాణం. రెండు వరసలూ పక్కపక్కన పెట్టుకుని చూసిన క్షణంలోనే ఆయనకి అసహ్యం వేసింది. ఈ రెంటినీ ఒక కాటాలో పెట్టి చూసినందుకే వేసింది.

"నాది," అన్నాడు.

"ఏంది సార్? వినపడలేదు."

"ఆ మాట నాది. అతను ఒక నలభై ఉంటాయిలే అన్నాడు. అతను లెక్కపెట్టలేదు. నేను మొదట అబౌట్ ఫార్టీ అనే రాశాను. అది చాలు. కానీ డిఎస్పీ చూస్తాడని, నా గొప్ప కనబడాలని కాయితం మార్చి అప్రాక్సిమేట్లీ ఫార్టీటూ అని వేశాను. తూచని సరుకుకి తూచినట్టు రాశాను. ఆ రెండు కలిపించింది ఓబులేసు. ఆ మాట వేస్తే నా స్థాయికి తగ్గట్టు ఉంటుందన్నదీ ఓబులేసే. పొగిడాడు, పొంగిపోయాను. లాకులో నలభైఒకటి తేలుతుందని అతనికి ముందే తెలుసు. ఒకటి ఎక్కువ పలికించడమే అతనికి కావాల్సింది. ఉప్పు బస్తా కట్టను, రాయి కడతానని చిన్నపోలయ్య చెప్పిన మాట నేను రాయనేలేదు."

పేరమ్మ ఆయన మొహంలోకి సూటిగా చూస్తోంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

కృపాదానం మొహంలో నవ్వు మెల్లగా తగ్గింది. గెలుపు ఇంత తేలిగ్గా వస్తుందని ఆయన అనుకోలేదు. తెల్లకాయితం బల్ల మీద పెట్టాడు.

"రాసివ్వండి. మీ చేత్తో."

హజరత్తయ్య రాశాడు. జన్మలో అంత పొట్టి ఇంగ్లీషు ఆయన ఎప్పుడూ రాయలేదు. చిన్నపిల్లవాడు పలక మీద రాసే మాటలే. అతను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టినట్టు రాసింది నేను. మాట నాది, అతనిది కాదు. రాశాక పేరమ్మ వైపు తిరిగి, ఆ వాక్యాలే తెలుగులో చదివి వినిపించాడు.

"అంత చిన్న మాటకా అయ్యా?" అంది ఆమె. "నీ గొప్పకా?"

కృపాదానం కాయితం ఆరబెట్టి, రిజిస్టరు తెరిచి, ఐదు గంటల నలభై నిమిషాల దగ్గర చాలాసేపు ఆగాడు. చేతి గడియారం చూసుకుని వేళ్ళు మడిచాడు.

"ఓబులేసుని పట్రమ్మంటా," అని లేస్తుండగా గట్టు మీద సైకిలు పడేసి కొటారు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్ తిమోతి పరిగెత్తుకొచ్చాడు. చొక్కా మొత్తం చెమటకి తడిసిపోయింది.

"సార్, మేనేజరు పెంచలమ్మని తెడ్డు పడవలో ఎక్కించుకోని దక్షిణంగా పొయినాడు. బుట్ట కూడా ఆవిడ ఒళ్ళోనే ఉండాది."

"నువ్వేం చేస్తుండావు? ఆవిడ ఎట్టా పోయింది?"

"ఆపబోయినా సార్. డిటెక్టివ్ గారు చిన్నపోలయ్యని విడిపించినారు, బుట్ట తీసుకోని రమ్మని కబురు పెట్టినారని చెప్పినాడు. ఈ సార్ పేరు చెప్పేసరికి ముసిల్ది నమ్మి ఎక్కేసింది. నేనూ నమ్మినా. పడవ ఇటు రాకుండా అటు తిరిగినాకనే నాకు అర్థమైంది."

దక్షిణంగా మూడు మైళ్ళు పోతే కాలవ సముద్రం మొగలో కలుస్తుంది. అక్కడ మనిషిని ముంచితే శవం కూడా దొరకదు. హజరత్తయ్య కళ్ళ ముందు తను నేల మీద పేర్చిన నాలుగు వరసల చిప్పలు మెదిలాయి. ఎవరికి వినబడాలని అంత గట్టిగా చదివాడు? దాచాల్సిన సాక్షిని వేలెత్తి చూపించి వచ్చింది తనే.

"జీపు!" అని అరిచాడు కృపాదానం.

"గట్టు గండి పడుండాది సార్, కొటారు దాటి జీపు పోదు," అన్నాడు తిమోతి.

బంగళా రేవులో కట్టి ఉన్నది ఒక్కటే పడవ, పోలీసులు పట్టుకొచ్చిన చిన్నపోలయ్యది. కృపాదానం ఒక క్షణం తటపటాయించాడు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి వెనక గదివైపు పరుగెత్తాడు.

చిన్నపోలయ్య మణికట్లు రుద్దుకుంటూ బయటికొచ్చాడు. సంగతి రెండు ముక్కల్లో విన్నాడు. పెళ్ళాం వైపు ఒక చూపు చూసి, నీళ్ళలో దిగి పడవ తాడు విప్పాడు. కృపాదానం, తిమోతి ఎక్కారు. హజరత్తయ్య గట్టు మీద నిలబడిపోయాడు. ఎక్కమని అడిగే మొహం ఆయనకి లేదు.

"ఎక్కండి," అన్నాడు చిన్నపోలయ్య. "ఆ ముసిల్ది మీ పేరు నమ్మే గదా పోయింది. మీరే పిలవాల."

ఆయన పంచె ఎగగట్టి ఎక్కాడు. మూడు రోజులు ఎండలో ఊరికే పడి ఉన్న పడవ. పలకలు నెర్రెలు విచ్చి అడుగున నీళ్ళు ఊరుతున్నాయి. చిన్నపోలయ్య గడ వేసి ఒక్క తోపు తోశాడు. రేవు వెనక్కి జరిగింది.

"చిన్నపోలయ్యా, నేను నీకు చేసింది..." అని మొదలుపెట్టాడు హజరత్తయ్య.

"మాట్లాడబాకండి సామీ," అన్నాడు చిన్నపోలయ్య, దూరంగా కాలవ మలుపు మీదినుంచి చూపు తిప్పకుండా. "ఆ డబ్బా తీసుకోని నీళ్ళు తోడండి."

హజరత్తయ్య వంగి నీళ్ళు తోడడం మొదలుపెట్టాడు.